వెలగని తెరకే ఫస్టు మార్కు

మా ఆఫీసు పేరు జిల్లా వర్ణ వికాస కేంద్రం. బోర్డు కట్టిన కొత్తలో ఆ పేరు చూసి కొందరు కుల ధ్రువీకరణ పత్రాల కోసం వచ్చి వరుసలో నిలబడ్డారు. ఇక్కడ వర్ణం అంటే రంగు అని, రంగు అంటే చీర రంగు అని వాళ్ళకు నచ్చజెప్పి పంపేసరికి నా ముఖంలో రంగులు మారాయి. చేనేత సంఘాలకు కొత్త డిజైన్లు గీసి ఇవ్వడం, ఏ దారానికి ఏ అద్దకమో చెప్పడం మా కేంద్రం పని. ఆ పని చేసేది నీలవేణి అనే డిజైనరు ఒక్కతే. మిగిలిన మేమంతా పర్యవేక్షకులం. పర్యవేక్షణ అంటే మరేం లేదు, ఆమె పనిచేస్తూ ఉంటే మేము పరిపరి విధాల వీక్షించడం.

నేను ఆ కేంద్రానికి సూపరింటెండెంటుని. ఆ మాటలో సూపరూ ఉంది, టెండరూ ఉంది. నా వంతుకు టెండరే వచ్చింది.

నీలవేణి బల్ల మీద ఒక పాత కంప్యూటరు ఉండేది. ఉండేది అంటే, ఆన్ చేస్తే మూలిగేది, ఆఫ్ చేస్తే నిట్టూర్చేది. దాని తెరకు కామెర్లు. తెల్ల కాగితాన్ని కూడా పసుపు రాసిన గడపలా చూపించేది. కిందటి ఉగాదికి విజయవాడలో పెద్ద చీరల కొట్టు నడిపే శేషాచలపతి గారు నెమలికంఠం రంగు చీరలు కావాలని, వాటికి ఉల్లిపొర రంగు అంచు ఉండాలని కబురు పెట్టారు. నీలవేణి తెర మీద రంగులు కలిపి చూసింది. తెర మీద అది నెమలికంఠమే. ఆ ప్రకారమే నూలుకు అద్దకం వేశారు, నేశారు, మూటలు కట్టి పంపారు. మూటలు వెళ్ళిన దారినే వెనక్కి వచ్చాయి. నెమలికంఠం అడిగితే తొండకంఠం పంపారేమిటని ఆయన ఫోనులో అడిగిన తీరుకు మా ఆఫీసు గోడల సున్నం కూడా కొంచెం రాలింది.

తొండలు మా ఆఫీసు మీద పడలేదు, నేత సంఘం నెత్తిన పడ్డాయి. ఆ సంఘానికి అధ్యక్షుడు అవ్వారు వీరభద్రయ్య. మనిషి మెత్తన, మాట జరీ పోగులా సన్నం, తెగదు. ఆయన ఒక ఉదయం వచ్చి నా ఎదుట కూర్చున్నాడు. శేషాచలపతి దసరాకు ఇంకొక్క అవకాశం ఇస్తానన్నాడట. అదే నెమలికంఠం, అదే ఉల్లిపొర అంచు. శ్రావణం వెళ్ళేలోగా నమూనా చీర చూపించాలి. ఈసారి రంగు తప్పితే మిల్లు చీరలకు పోతానని తేల్చి చెప్పాడట.

"సూపరింటెండెంటు గారూ, అరవై మగ్గాలండీ," అన్నాడు వీరభద్రయ్య. "ఆ కొట్టు పోతే సగం మగ్గాలకి గుడ్డ కప్పేసి మా కుర్రాళ్ళు వాచ్‌మెన్ పనికి పోవాల్సిందే. ఆ అమ్మాయి చేతిలో విద్య ఉంది, ముందున్న తెరే బాగాలేదు. మంచి తెర ఉన్నదొకటి కొనిపెట్టండి. మీకు పుణ్యం ఉంటది."

పుణ్యం సంగతి ఎలా ఉన్నా, మా డైరెక్టరు పరాంకుశం గారికి సంగతి చెప్పాను. ఆయన మామూలుగా మాట్లాడరు, ఉత్తర్వు జారీ చేస్తారు. దాహం వేస్తే మంచినీళ్ళు అడగరు, తాగునీటి ఆవశ్యకత ఉత్పన్నమైనది అంటారు. మొత్తం విని కళ్ళు మూసుకుని, మంచి తెర గల ల్యాప్‌టాప్ ఒకటి సమకూర్చుకొనుటకు సూత్రప్రాయంగా అభ్యంతరం లేదన్నారు. సూత్రం అంటే దారం కదా, మగ్గాలకు దారి దొరికిందని సంబరపడ్డాను.

నీలవేణి ఆ సాయంత్రమే తనకు ఎలాంటి తెర కావాలో నాకు చెప్పింది. ఉన్న రంగును ఉన్నట్టు చూపించాలి. పక్కనుంచి చూస్తే రంగు మారకూడదు. కిటికీ వెలుతురులో కూడా బొమ్మ కనిపించాలి. గీత సన్నగా రావాలి, చుక్క చుక్కగా విడిపోకూడదు. గంటల తరబడి చూసినా కళ్ళు మండకూడదు. ధర తక్కువదైనా ఫరవాలేదు గానీ ఈ సంగతులన్నీ కొనేముందు పక్కపక్కన పెట్టి పోల్చి చూడాలని మరీ మరీ చెప్పింది. చూడటానికేం, మాకు చూడటం తప్ప వేరే పని ఏముందని ధైర్యం చెప్పాను.

అప్పుడు వేదాద్రి గారు వచ్చారు.

వేదాద్రి గారు ఆడిట్ అధికారి. ఆయన చేతిలో పడితే ఎవరికైనా రంగు పడుతుందని మా రంగుల శాఖలో పేరు. ఏదో ఊళ్ళో ఒక ఆఫీసువాళ్ళు ఫ్యానును కొట్లో ఒకసారి తిప్పి చూసి కొన్నారట. తిరిగిన ఫ్యాను వాడిన ఫ్యానే అని ఈయన అభ్యంతరం రాశారట. పాపం ఆ ఆఫీసరు రిటైరయ్యేదాకా అట్టముక్కతో విసురుకుంటూ పనిచేశాడని చెప్పుకుంటారు. అలాంటి వేదాద్రి గారు మా కొనుగోలు ఫైలు తెరిచి, రెండు వాక్యాల కింద ఎర్ర గీత గీసి, డైరెక్టరు గారి ముందు పెట్టారు. వాడిన వస్తువు కొనరాదు అన్నది మొదటి వాక్యం. నాణ్యత పోల్చి చూడని వస్తువు కొనరాదు అన్నది రెండోది.

"తెరను వెలిగిస్తే వినియోగం ఆరంభమైనట్టు," అన్నారు వేదాద్రి గారు. "వినియోగం ఆరంభమైన వస్తువు కొనుగోలుకు అనర్హం. వెలిగించకపోతే పోల్చినట్టు కాదు. పోల్చని వస్తువు కూడా అనర్హం. నా అభిప్రాయం ఇంతవరకే. నిర్ణయం తమది."

నీలవేణి నా వంక చూసింది, నేను గోడ వంక చూశాను, గోడ ఎవరి వంకా చూడలేదు. పరాంకుశం గారు మాత్రం చెక్కు చెదరలేదు. మీసం చివర ఒకసారి సవరించుకుని, రెండు నియమాలూ శిరోధార్యమే కనుక తెరలను ఆర్పి ఉంచిన స్థితిలోనే పోల్చి చూడవలెనని ఉత్తర్వు ఇచ్చారు. అందుకోసం తెరల తులనాత్మక నాణ్యతా నిర్ధారణ సమితి ఏర్పడింది. కుదించి పిలిస్తే తెతునానిస. పైకి చదివితే తుమ్ము మధ్యలో ఆగిపోయినట్టు ఉంటుంది. డైరెక్టరు గారు అధ్యక్షులు, వేదాద్రి గారు సభ్యులు, నేను కార్యదర్శిని, నీలవేణి ప్రత్యేక ఆహ్వానితురాలు. ప్రత్యేక ఆహ్వానితులు వినవచ్చు, అడగరాదు.

బస్టాండు రోడ్డులో కంప్యూటర్ల కొట్టున్న మస్తాన్‌వలీ చెప్పిన రోజుకు నాలుగు ల్యాప్‌టాప్‌లు తెచ్చాడు. మూతలు తెరవడం వినియోగం కిందికి వస్తుందా రాదా అన్నది ముందుగా తేలాల్సి వచ్చింది. గడప దాటినంత మాత్రాన కాపురం చేసినట్టు కాదని వేదాద్రి గారు పెద్దమనసు చేసుకున్నారు. నాలుగు మూతలూ లేచాయి. నాలుగు నల్లటి పలకలు. నలుగురం ఆ నాలుగు నలుపుల ముందు కాసేపు నలిగాం. ఆర్పిన తెరలు చూడటానికి ఎంత ఓర్పు కావాలో ఆ రోజు తెలిసింది.

నీలవేణి చెప్పిన అంశాలనే కొలమానంగా పెట్టుకున్నాం. అందులో మాకు భేషజం లేదు.

మొదటిది రంగు. నాలుగూ నలుపే చూపిస్తున్నాయి కనుక ఏ నలుపు అసలైన నలుపో తేల్చాలి. నీలవేణి నూలు నమూనాల అట్ట తెప్పించాం. ఒకటో నంబరు కాటుక నలుపు, రెండోది నేరేడు నలుపు, నాలుగోది బొగ్గు నలుపు అని తేలింది. మూడోది మాత్రం ఏ మెరుపూ లేకుండా పలకకు మసి పూసినట్టు ఉంది. డైరెక్టరు గారు ఒక్కొక్క తెర ముందు వంగి తన మీసం చూసుకున్నారు. రెండో నంబరులో మీసం వెంట్రుక వెంట్రుకా కనబడింది, పైగా రంగు వేయడం మరిచిన మూల కూడా నల్లగానే వచ్చింది. ఈ తెరకు వాస్తవాన్ని మెరుగుపరిచే శక్తి ఉన్నదని ఆయన సంతోషంగా రాయించారు. మూడో నంబరులో మీసమే లేదు. అధ్యక్షుల వారిని గుర్తించలేని తెరకు సున్నా.

రెండోది పక్కచూపు. పక్కనుంచి చూస్తే రంగు మారకూడదు కదా. నేను ఎడమవైపు నుంచి చూశాను, వేదాద్రి గారు కుడివైపు నుంచి చూశారు. నాకు ఆయన కనిపించారు, ఆయనకు నేను కనిపించాను. ఇద్దరికీ అంతగా నచ్చలేదు గానీ నలుపు మాత్రం మారలేదు. పూర్తి మార్కులు. ఎండ సంగతి తేల్చడానికి నాలుగింటినీ వరండాలోకి మోయించాం. లోపల ఏం కనబడిందో బయటా అదే కనబడింది, అంటే ఏమీ కనబడలేదు. స్థిరత్వం అసాధారణం అని డైరెక్టరు గారు నమోదు చేయించారు.

చుక్కల దగ్గర కాస్త ఇబ్బంది వచ్చింది. తెరలో లక్షల కొద్దీ చుక్కలున్నాయని కంపెనీ కాగితం చెబుతోంది. వేదాద్రి గారు భూతద్దం తెచ్చి వెతికారు. కంటికి కనబడని దాన్ని ఆయన అంగీకరించరు, జీతంలో కోతలు తప్ప. ఒకటో నంబరు మీద మాత్రం మూడు చుక్కలు దొరికాయి. మస్తాన్‌వలీ వాటిని రుమాలుతో తుడిచి, అవి ఈగవి సార్ అన్నాడు. ఆ మూడూ కొట్టేశాం.

చివరిది కళ్ళ మంట. సమితి అంతా గంటసేపు ఆర్పిన తెరల ముందు కూర్చున్నాం. ఎవరి కళ్ళూ మండలేదు. డైరెక్టరు గారికైతే హాయిగా కునుకు పట్టింది. లేచి, ఇంతటి నేత్రసౌఖ్యం తన సర్వీసులో అనుభవించలేదన్నారు. అన్నీ కూడితే రెండో నంబరు మొదటి స్థానం, మూడో నంబరు ఆఖరు.

నీలవేణి ఆహ్వానితురాలి హద్దు దాటి నోరు విప్పింది. "సార్, ఒక్కసారి ఆన్ చేసి, పక్కన నూలు పెట్టి చూద్దాం సార్. రెండు నిమిషాలు చాలు. మీసం బాగా కనిపించే తెరలో చీర కనిపించదండీ. కిటికీ కనబడుద్ది, ట్యూబులైటు కనబడుద్ది, నేను కనబడతా."

ఆమె ఆవేదనను సమితి సానుభూతితో పరిగణనలోకి తీసుకున్నది. పరిగణనలోకి తీసుకోవడం అంటే మా ఆఫీసులో తీసుకుని లోపల పెట్టేయడం.

మస్తాన్‌వలీ నాలుగింటినీ కొట్టుకు తిరిగి పట్టుకుపోయాక, మర్నాడు ఆ పిల్ల సెలవు పెట్టింది. సంచిలో ఒక నూలు చుట్ట, నేతవాళ్ళ మాటలో చిలప, వేసుకుని నేరుగా మస్తాన్‌వలీ కొట్టుకు వెళ్ళింది. ఆ చిలప వీరభద్రయ్య ఇంట్లో దాచి ఉంచిన పాత పెళ్ళిచీర రంగుకు సరిగ్గా అద్దించినది, అచ్చమైన నెమలికంఠం. నాలుగూ వెలిగిస్తే మీ సమితి నా కొంప ఆర్పుద్దమ్మా, ఒక్కటంటే ఒక్కటి చెప్పు అన్నాడట మస్తాన్‌వలీ. ఆమె ఆఖరున వచ్చిన మూడో నంబరునే అడిగింది. మా ప్రాంతంలో ఆడవాళ్ళు చీర కొనేటప్పుడు కొట్లో దీపాల కింద రంగు నమ్మరు. చీర భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చి, పగటి వెలుగులో తిప్పి చూసి గాని బేరం మొదలెట్టరు. నీలవేణి ల్యాప్‌టాప్‌ను అలాగే చేతుల మీద గుమ్మం దగ్గరికి తెచ్చింది. చిలప ఫోటో తీసి తెర మీద పెట్టి, పక్కనే చిలప పట్టుకుంది. ఎడమ నుంచి చూసింది, కుడి నుంచి చూసింది, మెడ వంచి కింద నుంచి చూసింది. ఏది నూలో ఏది తెరో చెప్పలేనంతగా కలిసిపోయాయి.

ఆ సంతోషంలో పరుగున ఆఫీసుకు వచ్చి మాకు చెప్పేసింది. అక్కడే తప్పు చేసింది.

వేదాద్రి గారు మెల్లగా అడిగారు, "అంటే, వెలిగిందా?"

"వెలిగింది సార్. ఎంత బాగా వెలిగిందో."

"అయితే వాడినది."

పంచనామా జరిగింది. మూడో నంబరును ఆఫీసుకు రప్పించి, వాడినది, పనికిరాదు అని ఆఫీసు ముద్రతో ఒక చీటీ తయారుచేశాం. మూత మీద నేనే స్వయంగా అతికించి కొట్టుకు తిప్పి పంపాను. మా ఆఫీసులో బల్లలు ఊగుతాయి, కుర్చీలు ఊగుతాయి, జిగురు మాత్రం గట్టిది. పువ్వు వాడినా దేవుడికి పనికిరాదు, వస్తువు వాడినా ప్రభుత్వానికి పనికిరాదు అని నీలవేణికి చెప్పి ఓదార్చబోయాను. ఆమె ముఖమే వాడిపోయి ఉండటంతో మాట మార్చాను.

పోనీ మిగిలినవాటిలో మొదటి స్థానం వచ్చిన రెండో నంబరు కొందామంటే, వేదాద్రి గారికి కొత్త అనుమానం పుట్టింది. ఒకటి వెలిగితే మిగతావి వెలగలేదని నమ్మకమేమిటి? పుట్టిన దగ్గర్నుంచి ఒక్కసారీ వెలగలేదని మస్తాన్‌వలీ రాసివ్వాలన్నారు. మస్తాన్‌వలీ అమాయకుడు, నిజం చెప్పాడు. ఏ ల్యాప్‌టాప్ అయినా కంపెనీవాళ్ళు వెలిగించి, చూసి, ఆర్పాకే డబ్బాలో పెడతారని, వెలిగించకుండా పెట్టే కంపెనీ భూమ్మీద లేదని.

ఆ మాట విని పరాంకుశం గారు ముందున్న ఫైలు మూసేశారు. ప్రపంచంలో ఉన్న ల్యాప్‌టాప్‌లన్నీ వాడినవేనా, అని బరువుగా అడిగారు. అలాగే కనబడుతున్నదని వేదాద్రి గారు అంగీకరించారు. అంత బాధలోనూ ఆయన ముఖంలో ఒక తృప్తి. జీవితంలో ఎన్నో అభ్యంతరాలు రాశారు గానీ మొత్తం భూగోళం మీద రాయడం అదే మొదలు.

సమితి వాయిదాల మీద వాయిదాలు పడింది. శ్రావణం వచ్చేసింది. వీరభద్రయ్య రోజూ వచ్చి బెంచీ మీద కూర్చుంటున్నాడు. ఏమీ అనడు. ఏమీ అనని మనిషికి జవాబు చెప్పడం ఎంత కష్టమో ఏ నియమావళిలోనూ రాయలేదు. ఒకనాడు సమితి మళ్ళీ మస్తాన్‌వలీని పిలిపించి, ఎన్నడూ వెలగని ల్యాప్‌టాప్ తెమ్మని అడిగింది. అతనికి విసుగొచ్చింది.

"జన్మలో వెలగనిది కావాలంటే మా బావమరిది సోఫాల కొట్లో ఉంది సార్. బల్ల మీద షోకి పెట్టే అట్ట ల్యాప్‌టాప్. లోపలేం ఉండదు, తెర మీద బొమ్మ అతికించి ఉంటది. కరెంటు చూసిన పాపాన పోలేదు."

వేళాకోళానికి అన్నాడు. కానీ సమితికి అది వేళాకోళంగా వినిపించలేదు. వేదాద్రి గారు డైరెక్టరు గారి వంక చూశారు. డైరెక్టరు గారు వేదాద్రి గారి వంక చూశారు. నేను కాగితం తీశాను.

"సదరు వస్తువును సమితి సమక్షంలో ప్రవేశపెట్టండి," అన్నారు పరాంకుశం గారు.

ప్రవేశపెట్టారు. చేతిలోకి తీసుకుంటే కొబ్బరి పీచులా తేలిక. మూత తీస్తే తెర మీద ఒక సరస్సు, వెనక పచ్చటి కొండ, ఆపైన ఆకాశం. మేము ఇన్నాళ్ళూ చూసిన తెరల్లో వెలిగించకుండానే రంగులు చూపించినది ఇదొక్కటే. పక్కనుంచి చూసినా కొండ కొండే, సరస్సు సరస్సే. ఎండలోకి తీసుకువెళితే బొమ్మ మరింత బాగా కనబడింది, మిగతా నాలుగింటికీ చేతకాని పని అది. వేదాద్రి గారు భూతద్దం పెట్టి చూశారు. తర్వాత నన్ను పిలిచి చూపించారు. అచ్చువేసిన బొమ్మ కదా, భూతద్దం కింద చుక్కలే చుక్కలు. నీలం చుక్కలు, ఎరుపు చుక్కలు, పసుపు చుక్కలు, లెక్కకు అందనన్ని. పట్టపగలు చుక్కలు చూడటం అంటే అదే. ఆయన కళ్ళు చెమర్చాయి. ఇంతకాలానికి కంటికి కనబడే చుక్కలు దొరికాయి.

నూటికి నూరు మార్కులు. తెర లాంటి తెర, వాడిన జాడ లేదు, వాడే ప్రమాదమూ లేదు. కొన్నాం. వెలిగించకుండా ఇంత వెలగబెట్టిన సమితి మరొకటి లేదు.

దండ వేసి నీలవేణి బల్ల మీద పెట్టాం. ఆమె దాని మూత ఎత్తి చూసింది. తర్వాత డైరెక్టరు గారిని అడిగింది, "సార్, ఇందులో నేను నెమలికంఠం ఎట్టా చూసుకోవాలి?"

"సరస్సులో నీలం లభ్యమవుతున్నది," అన్నారు ఆయన. "కొండలో ఆకుపచ్చ లభ్యమవుతున్నది. ఉభయ వర్ణాల సమన్వయం తమ వృత్తి నైపుణ్యానికే విడిచిపెట్టడమైనది."

నీలవేణి తన కుర్చీలో కూర్చుని కలం తీసింది. శ్రావణం ముగిసేదాకా సెలవు కావాలని కాగితం ఇచ్చింది. సంతకం పెట్టించాను. ఆమె మెట్లు దిగుతుంటే బెంచీ మీద నుంచి వీరభద్రయ్య లేచి వెనకే వెళ్ళాడు. తర్వాతి సంగతి మస్తాన్‌వలీ చెబితే తెలిసింది. ఇద్దరూ నేరుగా అతని కొట్టుకు వెళ్ళారట. మా ముద్ర పడిన మూడో నంబరు అరలో అలాగే ఉంది. ఆ చీటీ చూసి ఎవరూ కొనడం లేదని అతని బాధ. ఇందులో లోపం ఏముందని వీరభద్రయ్య అడిగాడట. వెలిగింది అన్నాడట మస్తాన్‌వలీ. వెలగటం లోపమేంటయ్యా అన్నాడట ఈయన. ఆఫీసోళ్ళకి లోపమేనంట అన్నాడట అతను. సంఘానికి అలాంటి నియమమేదీ లేదు. ఉన్న నియమమల్లా రంగు కుదరాలన్నదే. గుమ్మం దగ్గర మళ్ళీ ఒకసారి చిలప పక్కన పెట్టి చూసి, సంఘం డబ్బు కట్టి సంచిలో వేసుకుని పోయారట.

శ్రావణం చివరి రోజుల్లో శేషాచలపతి గారు కారు దిగి నేరుగా మా కేంద్రానికే వచ్చారు. డైరెక్టరు గారు ఆయనకు ఎదురెళ్ళి, నమూనా చూసేముందు సంస్థ సమకూర్చుకున్న నూతన తెరను వీక్షించవలెనని కోరారు. ఆయన అట్ట ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కాసేపు మీట కోసం వేళ్ళతో తడిమారు. అన్ని మీటలూ ఒకే అట్ట మీద అచ్చు. ఆఖరికి తల ఎత్తి, బొమ్మ బాగుందండీ, కంప్యూటరు ఎక్కడుంది అన్నారు. వేదాద్రి గారు నియమాలు చెప్పడం మొదలెట్టారు. పెద్దమనిషికి ఓపిక ఎక్కువేమీ లేదు, నా చెయ్యి పట్టుకుని, నేతవాళ్ళ దగ్గరికి దారి చూపించవయ్యా అన్నారు.

సంఘం గదిలో మగ్గాల చప్పుడు గోడ అవతలి నుంచి వస్తోంది. కిటికీ పక్కన నీలవేణి, ఎదురుగా మూడో నంబరు. వీరభద్రయ్య నమూనా చీర మడత విప్పి శేషాచలపతి గారి చేతిలో పెట్టాడు. ఆయన చీర చూశారు, తెర చూశారు. మళ్ళీ చీర చూశారు. తర్వాత లేచి చీర భుజాన వేసుకుని గుమ్మం దగ్గరికి నడిచారు. చీరలు అమ్మే మనిషే అయినా కొనేటప్పుడు ఆయనా గుమ్మం దాటి చూడకుండా ఉండలేదు. వీరభద్రయ్య చేతిలో పై కండువా ఉండలా చుట్టుకుపోతోంది. గోడ అవతల ఎవరో మగ్గం ఆపారు. ఇంకొకరు ఆపారు. చప్పుడంతా ఆగిపోయింది.

శేషాచలపతి గారు ఎండలో కొంగు తిప్పారు. నీలం ఆకుపచ్చలోకి, ఆకుపచ్చ నీలంలోకి జారింది. అంచు మీద ఉల్లిపొర పల్చగా మెరిసింది.

"ఇది నెమలే," అన్నారు ఆయన. "పోయినసారి తొండ ఎవరి పుణ్యమో గానీ, ఇది నెమలే. దసరాకు నేయండి. సంక్రాంతి సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకుందాం."

మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. వీరభద్రయ్య కండువా విప్పుకుని, మంచినీళ్ళు తెమ్మని లోపలికి కేక వేశాడు. నాకు తోచింది, ఈయనకు కూడా తాగునీటి ఆవశ్యకత ఉత్పన్నమైనదని.

ఇక మా కేంద్రం వైపు విషయాలు కూడా సంతృప్తికరంగానే సాగాయి. నూతన తెర వచ్చిన నెలలోపే నెమలికంఠం కుదిరిందని, ఇది సమితి దూరదృష్టికి నిదర్శనమని డైరెక్టరు గారు పైకి నివేదిక పంపారు. కరెంటు ఖర్చు లేదు, రిపేరు లేదు, ఒక్కసారి ఆగిపోలేదు. పై ఆఫీసు మెచ్చుకుని, ఇదే మోడలు మిగిలిన జిల్లాలు కూడా పరిశీలించవలెనని ఉత్తరం రాసింది. మస్తాన్‌వలీ బావమరిది సోఫాలు మానేసి అట్టల వ్యాపారంలో దిగాడు. ఒక చిక్కు మాత్రం వచ్చింది. కొన్న వస్తువు వాడకుండా ఉంచరాదని కూడా నియమం ఉన్నదట, వేదాద్రి గారు కనుక్కున్నారు. ఫ్యాను గాలికి ఫైళ్ళు ఎగిరిపోకుండా దాన్ని నా ఫైళ్ళ మీద పెట్టాను. తేలిక కనుక దాని మీద ఒక ఇటుక కూడా పెట్టాను. వినియోగంలో ఉన్నది అని నమోదైంది.

మొన్న పని ఉండి సంఘం గదికి వెళ్ళాను. నీలవేణి రోజూ మధ్యాహ్నం దాకా అక్కడే పనిచేసేటట్టు డైరెక్టరు గారి చేత క్షేత్ర సందర్శన అనే పేరుతో సంతకం పెట్టించింది. తెర మీద వంగపండు రంగు చీర, ఆమె పక్కన వంగపండు నూలు. వెళ్ళబోతూ చూశాను, మూత మీద నేను అతికించిన చీటీ అలాగే ఉంది. వాడినది, పనికిరాదు. నాకే కాస్త ఇబ్బంది అనిపించి, తడిగుడ్డ పెట్టి తీసేస్తానమ్మా అన్నాను.

"వద్దండీ, ఉండనీయండి," అంది నీలవేణి తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "అదున్నన్నాళ్ళే ఇది ఇక్కడుంటది. అది ఊడిందంటే మీరు మళ్ళీ ఆఫీసుకి పట్టుకుపోతారు."

తడిగుడ్డ పక్కన పెట్టేశాను. చీటీలో మొదటి మాట రోజూ నిజమవుతూనే ఉంది. రెండో మాట సవరించాలంటే సమితి మళ్ళీ కూర్చోవాలి.